కెన్యా పల్లెల్లో పండ్ల (దంతాల) క్యాంపుకు పోదామనుకుంటున్న, పోయొచ్చినోళ్లు జర చెప్పుండ్రి

మర్రిగూడ మల్లె

అందరికీ నమస్తే. నేను బీడీఎస్ చేసి నల్లగొండలనే ఒక క్లినిక్‌ల పని చేస్తున్న. మాది మర్రిగూడ దిక్కు. హైదరాబాద్‌ల ఒక సంస్థోళ్లు కెన్యాకు డాక్టర్లను, నర్సులను, డెంటల్ వాళ్లను వలంటీర్లుగ తీస్కపోతున్నరు. నకూరు కౌంటీల పల్లెలంట, రెండు వారాలంట. టికెటు, ఉండుడు, తిండి అన్నీ కలిపి లక్షా తొంభై వేలు మనమే కట్టాలె. పాంప్లెట్‌ల అయితే ఏనుగులు, జిరాఫీలు, నడుమ తెల్లకోటు వేసుకున్న పిల్ల నవ్వుకుంట నిలబడ్డది. మా అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "జీతమిచ్చి పని చేయించుకునుడు చూసిన గని పైసలు కట్టించుకొని పని చేయించుకునుడు ఇప్పుడే చూస్తున్న" అన్నది.

నాకు మాత్రం మనసు గుంజుతున్నది. నకూరు, నైవాషా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడి పిల్లల పండ్ల ఫోటోలు చూస్తే మా బళ్లె నాతోటి చదివిన పిల్లలే యాదికొచ్చిన్రు. అవే గార పండ్లు. గందుకే పోవాలనిపిస్తున్నది.

టీకాలు ఏం ఏసుకోవాలె? మన డిగ్రీతోని అక్కడ పండు పీకనిస్తరా? మందులు ఇక్కడికెళ్లి తీస్కపోవచ్చా? ఎవరన్న పోయొచ్చినోళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పుండ్రి.


పానగల్లు చెరువు

మంచి ఆలోచన చెల్లె, కాదనను. గని ఒక మాట అడుగుత, తప్పు పట్టుకోకు. చందంపేట తండాలకు పోయినవా ఎన్నడన్న? నల్లమలల అప్పాపూర్ పెంటకు (చెంచుల గూడేనికి) పండ్ల డాక్టరు వచ్చి ఎన్నేండ్లయిందో తెలుసా? లక్షా తొంభై వేలల్ల మన చెంచు పెంటలు ఎన్ని తిరగొచ్చు! విమానమెక్కితేనే సేవ అయితదా?


కొల్లాపూర్ మామిడి

వచ్చిండు మా అన్న. ఎవడు యాడికి పోతనన్నా "మన ఊళ్లె లేదా" అని అడ్డం పడుడే. నువ్వు అప్పాపూర్ పోయినవా అన్నా? పోయిన ఫోటో పెట్టు.


పానగల్లు చెరువు

పోయిన. ఫోటో దిగలే. ఫారెస్టోళ్ల పర్మిషన్ లేనిది లోపలికి పోనియ్యరు, అది సుత నీకు ఎర్క లేదు.


నకిరేకల్ సిస్టర్

మల్లె, నేను పోయొచ్చిన మనిషిని. స్టాఫ్ నర్సుగ చేస్తున్న, కెన్యాల ఒక మిషన్ టీంతోని పని చేసిన. చెప్తా విను.

ముందు పసుపు జ్వరం టీకా, ఎల్లో ఫీవర్ అంటరు. ఇది మనకు రెండు దిక్కుల అవసరం. పోయేటప్పుడు కంటే వచ్చేటప్పుడే గట్టిగ అడుగుతరు. కార్డు లేకుంటే మన ఎయిర్‌పోర్టులనే ఆపి 6 రోజుల దాంక క్వారంటైన్‌ల పెడ్తరు. హైదరాబాద్‌ల నారాయణగూడ ఐపీఎంల (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఏస్తరు, పాస్‌పోర్టు పట్టుకపోవాలె. ఏసిన 10 రోజులకు గని కార్డు చెల్లదు, కాబట్టి ఆఖరు వారంల ఉరుకులాడకు. ఒక్కసారి ఏసుకుంటే జన్మకు చాలు, 2016ల రూలు మార్చిన్రు. గుడ్డు పడనోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు ముందే డాక్టరుకు చెప్పాలె.

హెపటైటిస్ బి నువ్వు కాలేజీల ఏసుకొనే ఉంటవు. గని టైటర్, అంటే టీకా ఒంట్లె పట్టిందా అని చూసే రక్త పరీక్ష, చేయించుకున్నవా? చాలామంది చేయించరు. 10 కంటే ఎక్కువ రావాలె. పండ్ల పనంటే రక్తం, ఉమ్మి, సూదులు. నోట్లె మత్తు సూది ఇచ్చి మూత పెట్టేటప్పుడే ఎక్కువ గుచ్చుకుంటది, నీకు నేను చెప్పేదేముంది. గుచ్చుకుంటే హెచ్ఐవీ మందు 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడాలె. ఆ మందు ఎంత దూరంల దొరుకుతదో బయల్దేరక ముందే అడుగు. "ఉంటది లెండి" అంటే నమ్మకు. ఏ దవాఖాన, ఎన్ని కిలోమీటర్లు, రాత్రి పూట తెరిచి ఉంటదా, మూడూ అడుగు.

మలేరియా సంగతికొస్తే నకూరు ఎత్తు మీదుంటది, దోమలు తక్కువ. రాత్రి స్వెటర్ లేకుంటే వణుకుతవు. గని అక్కడికెళ్లి బారింగో దిక్కో, విక్టోరియా సరస్సు దిక్కో తీస్కపోతే కథ వేరే. ఆ దిక్కు ఫాల్సిపారం, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా, ఎక్కువ. డాక్సీసైక్లిన్ అయితే వచ్చినంక సుత 4 వారాలు మింగాలె. మా టీంల సగం మంది ఇంటికి రాంగనే బంద్ పెట్టిన్రు.

ఇగ పని సంగతి. మాది ఒక బడి గదిల క్యాంపు. పొద్దు పొడవక ముందే లైను. నేను బీపీ చూసుడు. ఒక ముసలమ్మ వచ్చింది, నెత్తికి గుడ్డ, చేతిల కట్టె. బీపీ 190 ఉన్నది. మా డాక్టరు ఇంగ్లీషుల అడుగుతడు, ఒకాయన దాన్ని స్వాహిలిల చెప్తడు, ఆమెకు స్వాహిలి సుత సరిగ రాదు, పక్కన మనవరాలు వాళ్ల భాషల చెప్తది. మళ్లీ జవాబు అదే తొవ్వల ఎనుకకు రావాలె. "ఇంతకుముందు మందులు వాడినవా" అన్న ఒక్క ముక్కకు ఐదు నిమిషాలు. ఆఖరికి తేలిందేందంటే, పోయిన యాడాది ఇంకో దేశం టీం వచ్చి నెల గోలీలు ఇచ్చిపోయిన్రు, అవి అయిపోయినంక ఇగ ఎవరూ రాలే. ఆమె ఆ ఖాళీ స్ట్రిప్పును రుమాల్ల కట్టుకొని తెచ్చింది. మేం సుత నెల గోలీలే ఇచ్చినం.

పోవద్దంటలే. ఇది తెలిసి పో.


పాత సివిల్ సర్జన్

సిస్టర్ చెప్పిన ఆ ఖాళీ స్ట్రిప్పు దగ్గరే అసలు విషయమంతా ఉన్నది. నేను దేవరకొండ ప్రాంతంలో చాలాకాలం ప్రభుత్వ సర్వీసులో ఉన్నాను. హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద క్యాంపులు వచ్చేవి. బ్యానరు, షామియానా, మైకు. సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. మర్నాడు పొద్దున ఆ చీటీలన్నీ పట్టుకొని జనం మా దగ్గరకే వచ్చేవారు. వాళ్లు రాసిన మందు మా ఫార్మసీలో ఉండదు. "పెద్ద డాక్టరు రాసిండు, నువ్వెందుకు ఇయ్యవు" అని మాతో తగాదా.

కాబట్టి అమ్మా, ఆ సంస్థను అడగవలసిన మొదటి ప్రశ్న టీకాల గురించి కాదు. "మేం వెళ్లిపోయిన మర్నాడు ఈ రోగిని ఎవరు చూస్తారు?" ఈ ఒక్కటి అడుగు. కెన్యాలో 2013 నుంచి వైద్యం కౌంటీల చేతిలోకి వెళ్లింది, 47 కౌంటీలు. పల్లెలో డిస్పెన్సరీ, దానిపైన హెల్త్ సెంటర్, ఆపైన సబ్‌కౌంటీ ఆసుపత్రి. డిస్పెన్సరీ సాధారణంగా నర్సు చేతుల మీద నడుస్తుంది. క్లినికల్ ఆఫీసర్లని మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు కూడా ఉంటారు, ఎంబీబీఎస్ కారు గాని అక్కడి జబ్బుల్లో మనకంటే ఆరితేరినవాళ్లు. మన ఆశాల వంటివారిని అక్కడ కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లంటారు, 2023లో దాదాపు లక్షమందికి కిట్లిచ్చి పంపారు. మీ క్యాంపులో వీళ్లలో ఎవరైనా కూర్చుంటున్నారా? రోగి పేరు వాళ్ల రిజిస్టరులోకి ఎక్కుతున్నదా? లేకపోతే అది వైద్యం కాదు, జాతర.

రెండోది, లైసెన్సు. అక్కడి మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు తెచ్చుకోకుండా విదేశీ డెంటిస్టు ఒక్క పండు కూడా ముట్టకూడదు. మన రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ తీసుకో. సంస్థ వాళ్లు "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే, కాపీ చూపించమను.


గద్వాల టు నైరోబీ

నేను ఇక్కడ నైరోబీలో ఉద్యోగం చేస్తున్నా. సర్జన్ గారు చెప్పిన దానికి ఇంకొక్కటి కలుపుతా. 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఆన్‌లైన్ ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) పెట్టిన్రు, తేలికనే. కానీ టూరిస్టు అని ఈటీఏ తీసుకొని వచ్చి క్లినిక్‌లో పని చేస్తే అది వేరే లెక్క. వలంటీరైనా సరే ఇమ్మిగ్రేషన్ నుంచి స్పెషల్ పాస్ ఉండాలె. జీతం లేదు గదా అంటే ఒప్పుకోరు.

మన హైదరాబాద్ నుంచి ముంబై మీదుగా రావడం తేలిక. నైరోబీ నుంచి నకూరు 160 కిలోమీటర్లు దాకా ఉంటది, రోడ్డు బాగనే ఉంటది గని లారీలు ఎక్కువ. ఘాటు దిగేకాడ రిఫ్ట్ వ్యాలీ మొత్తం కిందికి పరుచుకొని కనిపిస్తది, అక్కడ అందరూ బండి ఆపుతరు, మీరూ ఆపుతరు.

ముఖ్యమైన సంగతి: ప్లాస్టిక్ కవర్లు తేవద్దు. 2017 నుంచి ఇక్కడ బంద్, జుర్మానా మామూలుగ ఉండదు. మన ఆడోళ్లు పచ్చడి డబ్బాకు కవరు, దానిమీద ఇంకో కవరు, దానిమీద రబ్బరు బ్యాండు కడ్తరు గదా, గది ఎయిర్‌పోర్టుల విప్పిస్తరు. గుడ్డ సంచి, స్టీలు డబ్బా బెస్టు.


మందుల చీటీ, జడ్చర్ల

ఫార్మసీ మనిషిని కాబట్టి మందుల సంగతి నేను రాస్తా. మన దగ్గర క్యాంపు అనంగనే మెడికల్ రెప్పుల దగ్గర శాంపిళ్లు జమ చేస్తరు. ఫిజీషియన్ శాంపిల్, నాట్ ఫర్ సేల్ అని రాసుంటది, ఇంక మూడు నెలల్ల ఎక్స్‌పైరీ. అవి మూట కట్టి విమానమెక్కిస్తరు. డబ్ల్యూహెచ్ఓ 1996ల్నే మందుల దానం గురించి రూల్స్ రాసింది, మళ్లీ సవరించింది సుత. శాంపిళ్లు ఇయ్యద్దు, వాపస్ వచ్చిన మందులు ఇయ్యద్దు, ఆ దేశం చేరేటప్పటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలె. అక్కడి జాబితాల ఉన్న మందే ఇయ్యాలె. కెన్యాల ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు పర్మిషన్ లేంది లోపలికి రానియ్యరు.

నేనయితే ఏమంటనంటే, మందులు మోసుకపోకు. నైరోబీల కొనుండ్రి. అక్కడ కొంటే అక్కడి డిస్పెన్సరీల అదే మందు మళ్లీ దొరుకుతది. మన బ్రాండు పేరు చూసి ఆ నర్సుకు ఏం అర్థమయితది?

నీ పనిముట్లు మాత్రం నీవే తీస్కపో. ఫోర్సెప్స్, ఎలివేటర్లు. ఇంకొకటి, ఆటోక్లేవ్ (ఆవిరి ప్రెషరుతోని పనిముట్ల మీది క్రిములను చంపే డబ్బా) ఉన్నదా అడుగు. ఉడకబెట్టుడు స్టెరిలైజేషన్ కాదు. కరెంటు లేకుంటే గ్యాసు పొయ్యి మీద పెట్టే ప్రెషర్ రకం ఉంటది, 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషరు, కనీసం 15 నిమిషాలు. లైన్ల నూరు మంది ఉంటే ఎన్ని సెట్లు కావాలె, ఒక్క కుక్కర్‌ల ఎన్ని సెట్లు పడ్తయి, లెక్క నువ్వే ఏసుకో. ఆ లెక్క కుదరకుంటే నలభై మందినే చూస్తమని చెప్పాలె. లైను పొడుగున్నదని తుడిచి మళ్లీ నోట్లె పెట్టొద్దు. అక్కడ కామెర్లు అంటిస్తే నీకు తెలిసే లోపట నువ్వు నల్లగొండల ఉంటవు.


మర్రిగూడ మల్లె

అబ్బో, ఒక్క రాత్రిల ఇన్ని సంగతులా. అందరికీ థాంక్స్.

సంస్థోళ్లకు ఫోన్ చేసిన. సర్జన్ సారు చెప్పిన ప్రశ్నలు కాయితం మీద రాసుకొని అడిగిన. లైసెన్సు: "అక్కడ పల్లెల్ల ఎవరూ అడగరు మేడం". మర్నాడు ఎవరు చూస్తరు: "వచ్చే ఏడాది ఇంకో బ్యాచ్ పోతది". ఆటోక్లేవ్: "స్పిరిట్ ఉంటది". హెచ్ఐవీ మందు అడిగితే ఆ పిల్ల లైన్ హోల్డుల పెట్టింది, మళ్లీ రాలే. సఫారీ ఏ రోజు అన్నది మాత్రం టైంతో సహా చెప్పింది. ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్లలు సుత వస్తున్నరంట, "అక్కడ మీరు ఎక్స్‌ట్రాక్షన్లు ఫ్రీగా ప్రాక్టీస్ చేసుకోవచ్చు" అని వాళ్లకు చెప్పిన్రంట.


నకిరేకల్ సిస్టర్

ప్రాక్టీస్! మన పెద్దాసుపత్రిల ప్రొఫెసరు లేకుండ ముట్టనియ్యనిది అక్కడ ముట్టొచ్చా? ఆళ్ల నోరు నోరు కాదా?


పానగల్లు చెరువు

నేను చెప్పలే? నేను చెప్తే అడ్డం పడ్తున్నవంటరు.


రాచకొండ గుట్టలు

నేను ఈడ ఎప్పుడూ రాయను, చదువుకుంట పోత. ఇది చూసినంక రాయాలనిపించింది.

మాది నాంపల్లి మండలం. మా అక్కకు ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వచ్చే జబ్బు. మోకాళ్లు వంకర, నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలె. నా చిన్నప్పటికెళ్లి మా ఇంటికి ఎంతమంది వచ్చిన్రో లెక్క లేదు. డాక్టర్లు, కాలేజీ పిల్లలు, టీవీలోళ్లు, వేరే దేశపోళ్లు. వచ్చినోళ్లు మంచోళ్లే. అక్కను గోడకు నిలబెట్టి ఫోటో తీస్తరు. అరుగు మీద కూసోబెట్టి కాళ్లు సాపమంటరు, ఇంకో ఫోటో. పక్కకు తిరుగు, ఇంకోటి. తిరుగుడే ఆమెకు కష్టం. ఉచ్చ సీసాల పట్టుకపోతరు, రక్తం తీస్కపోతరు. రిపోర్టు ఎన్నడూ మా ఇంటికి రాలే. క్యాల్షియం గోలీలు ఇచ్చిపోతరు. ఒక ఫోటో ఏందో పుస్తకంల వచ్చిందని బడి సారు చూపిచ్చిండు. మొఖం దాయలే. అక్క అప్పుడు పదో తరగతి వయసు. ఆ పుస్తకం చూసినప్పటికెళ్లి ఎవరొచ్చినా ఇంట్లకే పోయి తలుపు పెట్టుకున్నది.

మాకు ఏం పని చేసింది? నీళ్లు. కృష్ణ నీళ్లు నల్లాల వచ్చినంక మా అన్న పిల్లల పండ్లు తెల్లగున్నయి, కాళ్లు సక్కగున్నయి. ఆ నీళ్లు సుత ఉత్తగ రాలే. 1996ల నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డరు. ఇక్కడి చిన్నోళ్లకు ఎర్క ఉన్నదో లేదో. జలసాధన సమితోళ్లు చేయించిన్రు, మా నీళ్ల బాధ ఢిల్లీకి ఎర్క కావాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎలక్షనే వాయిదా పడ్డది. మా ఊరోళ్లు చందాలేసుకొని డిపాజిట్లు కట్టిన్రు. ఏ డాక్టరు చీటీ చెయ్యని పని అది చేసింది.

చెల్లె, నువ్వు మర్రిగూడదానివి, నీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడికి పోతే ఆ పిల్లల నోరు తెరిపిచ్చి ఫోటో దిగేటోళ్లను ఆపు. గంతే.


కొల్లాపూర్ మామిడి

అన్నా, ఇది చదివి చాయ్ సల్లారిపోయింది. అక్క ఇప్పుడు ఎట్లున్నది?


రాచకొండ గుట్టలు

ఉన్నది. బీడీలు చేస్తది. పింఛన్ వస్తది. నడుం నొప్పికి గోలీ ఏసుకుంటది, రోజూ.


పాత సివిల్ సర్జన్

గుట్టలు గారూ, మీరు రాసింది ప్రతి మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదివించాలి.

మల్లె గారికి ఫ్లోరైడ్ మీద కొంచెం రాస్తాను, ఎందుకంటే వెళ్లేది ఆ ప్రాంతానికే గదా. మనకు ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్లలోంచి వస్తుంది, వాళ్లకు అగ్నిపర్వతాల రాళ్లలోంచి. నకూరు, ఎలిమెంటైటా సరస్సుల నీళ్లే చవిటి నీళ్లు. డబ్ల్యూహెచ్ఓ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మన దేశంలో 1 దాటకూడదంటారు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. పంటి మీద గార రావడమన్నది పండు చిగురు లోపల తయారయ్యే వయసులోనే జరుగుతుంది, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసు దాటాక నీళ్లు మార్చినా పంటి రంగు మారదు. ఎముకలకు మాత్రం ఎన్నేళ్లు తాగితే అంత చేటు. వచ్చాక తీసేసే మందు లేదు. పాలు, రాగులు, ఆకుకూర, సి విటమిన్, ఇవి ఉన్న ఇంట్లో చేటు కొంత తగ్గుతుంది. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా పోతుందని గమనించారు. అంతమాత్రాన చారు తాగితే సరిపోతుందనుకోవద్దు, నీళ్లు మార్చడం మార్చడమే.

ఒక ప్రమాదం ఉన్నది, డెంటిస్టువి కాబట్టి చెప్తున్నాను. క్యాంపులకు దాతలు పెట్టెలకొద్దీ ఫ్లోరైడ్ పేస్టులు పంపుతారు. తియ్యగా, స్ట్రాబెర్రీ రుచితో. మూడేళ్ల పిల్ల దాన్ని తోముకోదు, తింటుంది. ఇప్పటికే నీళ్లలో ఫ్లోరైడ్ తాగుతున్న పిల్లకు అది అదనం. ఫ్లోరైడ్ గోలీలు, చుక్కలు అయితే ఆ ఊళ్లో అడుగు పెట్టనివ్వకూడదు. పేస్టు ఇస్తే బఠాణీ గింజంత, తల్లి చేతికి, ఎలా వాడాలో చూపించి. పుచ్చిపోయిన పండుకూ గార పండుకూ తేడా తెలియని విదేశీ వలంటీర్లు గార పండ్లను పీకేసిన సంగతులు విన్నాను. గట్టి పండు, రంగు ఒక్కటే తేడా. మనవాళ్లకైతే ఆ తేడా కాలేజీలో చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి, గర్వంగానే చెప్తాను. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో మన నీళ్ల కోసం ఒక పద్ధతి కనిపెట్టింది, నల్లగొండ టెక్నిక్ అనే పేరుతోనే ప్రపంచమంతా తెలుసు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు. ముందు జోరుగా కలపాలి, తర్వాత మెల్లగా, తర్వాత కదపకుండా గంటసేపు తేటబడనివ్వాలి. అడుగున మడ్డి పేరుకుంటుంది, పైన తేటనీరు కొంచెం ఎత్తులో పెట్టిన నల్లా నుంచి వస్తుంది. టాంజానియా, ఇథియోపియా, కెన్యాల్లో దీన్ని వాడి చూశారు. బకెట్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. పటిక పాళ్లు ఏ నీళ్లకు ఎంతన్నది పరీక్ష చేసి చెప్పాలి, ఆ మడ్డిని పశువులు తాగని చోట పారబోయాలి. రోజూ ఎవరో ఒకరు ఓపికగా చెయ్యాలి, అక్కడే చాలాచోట్ల ఆగిపోయింది. మన దగ్గర కూడా ఆగిపోయింది.


గద్వాల టు నైరోబీ

సర్, నకూరులో క్యాథలిక్ డయోసీస్ వాళ్లు వేరే పద్ధతి నడిపిన్రు. పశువుల ఎముకలను బట్టీల కాల్చి బొగ్గు చేసి, దాంతోని నీళ్లు వడకడ్తరు. బోన్ చార్ అంటరు. ఎముకల బొగ్గు నీళ్లు అంటే మన దగ్గర ముట్టరు గని ఇక్కడ మాంసం తినేటోళ్లే ఎక్కువ, పెద్ద ఇబ్బంది రాలే. మల్లె గారు వస్తే అది చూడాలె. పండ్లు పీకుడు కన్నా అది పనికొచ్చే సంగతి.


పానగల్లు చెరువు

చెల్లె, ఇంకోటి అడుగుత. ఇవన్నీ చర్చి వాళ్ల మిషన్లే గదా. ప్రార్థన చేస్తేనే చీటీ ఇస్తరంట. నిజమేనా? మీ ఇంట్ల ఒప్పుకుంటరా?


మర్రిగూడ మల్లె

అమ్మకు అదే భయం అన్నా. "ఆడ నిన్ను మారుస్తరు" అంటున్నది. నేను మారేదాన్నయితే ఈ పాటికి పెండ్లికి ఒప్పుకునేదాన్ని.


పాత సివిల్ సర్జన్

పానగల్లు గారూ, ప్రశ్న సరైనదే, కానీ చరిత్ర కూడా చూడండి. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు నల్లగొండలోనే మకాం పెట్టారు. ఆ తర్వాత అమెరికా, కెనడాల మెన్నోనైట్లు నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల దాకా వచ్చారు. జడ్చర్ల మిషన్ దవాఖానకు ఏ కులం, ఏ మతం వాళ్లు వెళ్లలేదు చెప్పండి? మన పెద్దవాళ్లలో ఎంతమందికి అక్కడ కాన్పులయ్యాయి. వాళ్లు వచ్చినప్పుడు మనం ఆ "విదేశీ పల్లె జనం". తేడా ఏమిటంటే, వాళ్లు ఏళ్ల తరబడి ఉన్నారు, తెలుగు నేర్చుకున్నారు, మనవాళ్లనే నర్సులుగా తయారు చేశారు.


మందుల చీటీ, జడ్చర్ల

మా నాయినమ్మ ఆ దవాఖానల దొరసాని డాక్టరు తెలుగు మాట్లాడుతదని ఇప్పటికీ చెప్తది. ఆపరేషన్‌కు ముందు కండ్లు మూసుకొని ప్రార్థన చేసేదంట. మా నాయినమ్మ మనసుల యాదగిరి నర్సింహస్వామిని మొక్కుకునేదంట. ఎవరి పని వాళ్లది.


నకిరేకల్ సిస్టర్

మా టీంల పొద్దున ప్రార్థన ఉండె, రోగులకు కాదు, టీంకు. ఇష్టం లేనోళ్లు బయట చాయ్ తాగెటోళ్లు. రోగులకు చీటీ ఇచ్చే ముందు ప్రార్థన పెడితే మాత్రం తప్పు. నొప్పితో వచ్చినోడు ఏదైనా అంటడు, అది ఒప్పుకున్నట్టు కాదు. మల్లె, ఇది సుత అడుగు.


మర్రిగూడ మల్లె

చానా రోజులకు రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

ఆ సంస్థకు వద్దని చెప్పేసిన. అడ్వాన్స్ కట్టలే, నయమైంది. సిస్టర్ అక్క విడిగ చెప్పిన దారి పట్టుకొని నకూరు దిక్కు ఒక హెల్త్ సెంటర్‌కు మెయిల్ పెట్టిన. నడిపేది చర్చివాళ్లే. జవాబు క్లినికల్ ఆఫీసర్ రాసిండు, సూటిగ. "పండ్లు పీకడానికి సబ్‌కౌంటీ ఆసుపత్రిల మాకు మనిషి ఉన్నడు. నెలకోసారి వస్తడు. రెండు వారాలు వచ్చి పీకిపోయేటోళ్లు మాకొద్దు" అని. మొదలు మొఖం మీద కొట్టినట్టయింది. కింద ఇంకా రాసిండు. నల్లగొండ అని చూసి, మీరు ఆ నల్లగొండేనా అని అడిగిండు! వాళ్ల చదువుల ఆ పేరు ఉంటదంట.

వాళ్లకు కావాల్సింది వేరే. బడి పిల్లల పండ్ల మీద గార ఏ మేరకు ఉన్నదో గ్రేడ్ వేసి ఊరు వారిగ రాయాలె, ఏ బోరు నీళ్లు ఎవరు తాగుతున్నరో దాని పక్కన రాయాలె. వాళ్ల హెల్త్ ప్రమోటర్లకు ఆ గ్రేడింగ్ నేర్పాలె, నేను పోయినంక వాళ్లే చేసుకునేటట్టు. ఆ కాయితం పట్టుకొని కౌంటీ నీళ్లోళ్లను అడుగుతరంట, ఏ బోరు మూసెయ్యాలె, ఫిల్టరు ముందు యాడ పెట్టాలె అని. ఆ గ్రేడ్ వేసే కొలత డీన్స్ ఇండెక్స్, అది నేను ఇంటర్న్‌షిప్‌ల మన మండలాల్లనే వేసిన, చెయ్యి తిరిగిన పని. ఫోటోలకు మొఖం రావద్దు, పండ్లే రావాలె, తల్లి సంతకం కావాలె అని వాళ్లే ముందు రాసిన్రు. గుట్టలన్నా, ఆ లైను చదివినప్పుడు మీరే యాదికొచ్చిన్రు.

రెండు వారాలు చాలదు, కనీసం రెండు నెలలు రమ్మన్నరు. క్లినిక్ సారుతోని మాట్లాడాలె. స్పెషల్ పాస్‌కు వాళ్లే లెటర్ ఇస్తరంట. ఖర్చు నాదే గని, ఆ లక్షా తొంభై వేలల్ల సగం కాదు.

పానగల్లు అన్నా, తిట్టకు. వచ్చినంక మన్ననూర్ దిక్కు పోదం, పర్మిషన్ నువ్వు తీస్కరా.


పానగల్లు చెరువు

తీస్కొస్త. ముందు పోయిరా. నారాయణగూడకు ముందే ఫోన్ చేసి ఏ రోజు ఏస్తరో కనుక్కో, ఊకెనే పోయి తిరిగి రాకు.


రాచకొండ గుట్టలు

అక్కకు చదివి వినిపిచ్చిన. "సంతకం పెట్టించుకుంటరా" అని రెండుసార్లు అడిగింది.


పాత సివిల్ సర్జన్

గ్రేడింగ్‌లో ఒక జాగ్రత్త. ఇద్దరు చూస్తే ఇద్దరు వేరే గ్రేడు వేస్తారు. మొదటి రోజు నువ్వూ, ప్రమోటరూ ఒకే పిల్లలను విడివిడిగా చూసి, కాయితాలు పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. పంటిని గుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో చూడాలి, టార్చి కింద తెల్ల మచ్చలు మోసం చేస్తాయి. నీళ్ల శాంపిల్ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలో తీసుకో, ఫ్లోరైడ్ గాజుకు పడదు.


గద్వాల టు నైరోబీ

ఊళ్లల్ల సీసాలకు ఇబ్బంది లేదు, 2017ల బంద్ పెట్టింది కవర్లను. 2020 నుంచి నేషనల్ పార్కుల లోపల మాత్రం వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు సుత బంద్. కావాలంటే ఇక్కడే కొని పెడ్తా, నైరోబీల దిగినంక మెసేజ్ పెట్టండి.


దేవరకొండ జీఎన్ఎం

అక్కా, నేను జీఎన్ఎం (నర్సింగ్ కోర్సు) థర్డ్ ఇయర్. నేను సుత రావచ్చా? ఇంజెక్షన్లు మంచిగ ఇస్త.


నకిరేకల్ సిస్టర్

ముందు రిజిస్ట్రేషన్ కానియ్యి తల్లీ. వాళ్ల నర్సింగ్ కౌన్సిల్ సుత లైసెన్సు అడుగుతది, స్టూడెంట్‌కు రాదు. అప్పటిదాంక డిండి పీహెచ్‌సీల పోస్టింగ్ అడుగు. లంబాడి తండాల్ల బీపీ చూసుడు, ఇద్దరు మనుషుల మీదుగ మాట్లాడుడు అన్నీ అక్కడే వస్తయి. ఫోన్ నంబరు ఈడ పెట్టకు, వేదికల లోపలి మెసేజ్ పెట్టు, చెప్తా.